పెద్దవాళ్ళ కోసం వ్యాను: ఏ సీటు, ఏ బెల్టు, ఎంత ఎత్తు?

గోదారి_సుజాత (రాజమండ్రి), సోమవారం ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఏడుగురం. అమ్మకి 76 ఏళ్ళు, రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. మావయ్యగారికి 81. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది, ఎడమ చెయ్యి, ఎడమ కాలు పూర్తిగా స్వాధీనంలో లేవు. ఇంట్లో కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తారు. బయటికి వెళ్తే వీల్‌చైరే.

పోయిన నెల అమలాపురంలో పెళ్ళికి ట్రావెల్స్ వ్యాను మాట్లాడుకున్నాం. ఫంక్షన్ హాల్ ముందు నున్నటి టైల్స్. డ్రైవరు ఎర్ర ప్లాస్టిక్ స్టూలు వేశాడు. అమ్మ కుడికాలు దాని మీద పెట్టి బరువు మోపిందో లేదో స్టూలు సర్రున పక్కకి జారిపోయింది. మా ఆయన నడుం పట్టుకోబట్టి సరిపోయింది. చీర కుచ్చిళ్ళు ఫుట్‌బోర్డుకి తట్టుకుని చిరిగాయి, మోచెయ్యి దోక్కుపోయింది.

అంతటితో అయిపోలేదు. తిరిగి వస్తుంటే రావులపాలెం దగ్గర గేదె అడ్డొచ్చింది. సడన్ బ్రేక్‌కి మావయ్యగారు సీట్లోంచి జారి రెండు సీట్ల మధ్య కూలబడ్డారు. ఆయన్ని లేపడానికి పది నిమిషాలు పట్టింది. బెల్టు ఏదని చూస్తే, సీటు కవరు కింద ఉంది. తడిమితే రెక్సిన్ లోపల బకిల్ చేతికి తగులుతోంది కానీ బయటికి రాదు, కవరు దాని మీదుగా కుట్టేశారు.

ఇక అద్దె బండ్లు వద్దు, వాడిన బండి ఏదైనా కొందామనుకుంటున్నాం. మా ఆయన మాత్రం వెనక సీట్లు తీయించేసి, మావయ్యగారిని వీల్‌చైర్‌తో సహా ఎక్కించేలా చేయిద్దాం అంటున్నారు. దసరా తర్వాత తిరుపతి మొక్కు ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

స్టీరింగ్_శ్రీను (విజయవాడ), సోమవారం ఉదయం 8:25

అక్కా, నేను 19 ఏళ్ళుగా టెంపో ట్రావెలర్ నడుపుతున్నాను. మీరు చెప్పింది అక్షరాలా నిజం. సీట్లు రెక్సిన్ వేయించేటప్పుడు షాపువాళ్ళు బకిల్స్ కిందికి తోసి కుట్టేస్తారు. ఓనర్లు అడగరు. కూర్చునేవాళ్ళు కూడా "కింద గుచ్చుకుంటోంది, తీసెయ్యి బాబూ" అంటారు. నేనూ ఒకప్పుడు తోసేసినవాణ్ణే. 2016లో నల్లజర్ల దగ్గర మా బండి డివైడర్ ఎక్కింది. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన పైకి ఎగిరి టాపుకి తల కొట్టుకున్నారు. ప్రాణం దక్కింది కానీ మెడకి నాలుగు నెలలు పట్టీ. ఆ వారమే కవర్లన్నీ కోయించి బెల్టులు బయటికి తీయించాను.

ప్లాస్టిక్ స్టూలు మాత్రం ఎప్పుడూ వద్దు. నేను వడ్రంగి దగ్గర టేకు పీట చేయించాను. మనిషి రెండు పాదాలూ పట్టేంత వెడల్పు, మెట్టు ఎత్తులో సగం ఎత్తు. అడుగున పాత టైరు ముక్కలు మేకులతో కొట్టించాను. తడి నేల మీద కూడా కదలదు.

ఇంకోటి, పెద్దవాళ్ళు వెనక చక్రాల మీద గానీ, వాటి వెనక గానీ కూర్చోకూడదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎత్తెయ్యడం అంతా అక్కడే.

కాకినాడ_కిరణ్, సోమవారం ఉదయం 10:05

మా నాన్నగారు బెల్టు అంటేనే ఒప్పుకోరు. ఆయనకి పేస్‌మేకర్ ఉంది. బెల్టు దాని మీద ఒత్తితే ఏమవుతుందోనని భయం. పైగా ఊరి దాకా వెళ్ళడానికి, అదీ వెనక సీట్లో, ఎందుకు అంటారు. వెనక సీటుకి నిజంగా రూల్ ఉందా? మా దగ్గర ఎవరూ ఆపింది లేదు.

పాత_బ్రేకిన్‌స్పెక్టర్ (కరీంనగర్), సోమవారం మధ్యాహ్నం 12:50

రవాణా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఊళ్ళల్లో మమ్మల్ని బ్రేకు ఇన్‌స్పెక్టర్ అనేవాళ్ళు.

కిరణ్ గారూ, రూల్ ఉంది. కొత్తది కూడా కాదు. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 138వ నియమం ప్రకారం డ్రైవరు, ముందు సీటు మనిషి, ముందుకి తిరిగి ఉండే వెనక సీట్లలో కూర్చునేవాళ్ళు అందరూ బెల్టు పెట్టుకోవాలి. 2019లో చట్టానికి సవరణ వచ్చినప్పుడు 194బి సెక్షన్ చేర్చి 1,000 రూపాయల జరిమానా పెట్టారు. బెల్టు లేనివాళ్ళని ఎక్కించుకుని నడిపిన డ్రైవరు మీద కూడా అది పడుతుంది. 2022 సెప్టెంబరు 4న పాల్‌ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయిన ప్రమాదం గుర్తుండే ఉంటుంది. ఆయన కూర్చున్నది వెనక సీట్లో, బెల్టు లేకుండా. కారు ఎంత ఖరీదైనదైనా ఉపయోగం లేకపోయింది.

బెల్టు అలారం మోగకుండా బకిల్‌లో దూర్చే ఇనప నాలుకలు మార్కెట్లో దొరికేవి. 2023 మేలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ అమ్మకం కంపెనీలను వాటిని తీసెయ్యమని ఆదేశించింది. ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఈ రోజే పారెయ్యండి.

సుజాత గారూ, సీట్లు తీయించే ఆలోచన గురించి. మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికీ, ఆర్సీలో రాసినదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. సీట్ల సంఖ్య ఆర్సీలో ఉంటుంది కాబట్టి వెల్డింగ్ షాపుకి పోయి పీకించేస్తే రేపు ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర పేచీ వస్తుంది. అయితే దారి మూసుకుపోలేదు. వైకల్యం ఉన్నవాళ్ళ కోసం మార్చిన బండిని చట్టం విడిగా గుర్తించింది. డాక్టరు సర్టిఫికెట్ పట్టుకుని ముందు ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఆ మార్పు ఆర్సీలో ఎక్కించి, బీమా కంపెనీకి తెలియజేసి చేయించుకోండి. ఇదే వరస. పని చేయించాక అనుమతికి వచ్చినవాళ్ళు పడ్డ అవస్థలు నా సర్వీసులో చాలా చూశాను.

ఫిజియో_లక్ష్మి (గుంటూరు), సోమవారం సాయంత్రం 6:30

సుజాత గారూ, ఏ బండి అని కాకుండా ముందు ఏ సీటు అని ఆలోచించండి. మావయ్యగారి సీటు, అమ్మగారి సీటు తేలితే, మిగతా అయిదుగురూ ఎక్కడైనా సర్దుకుంటారు. చాలా ఇళ్ళల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది. బండి కొనేస్తారు, ఆ తర్వాత పెద్దాయన్ని మిగిలిన చోట ఇరికిస్తారు.

ఎడమవైపు పక్షవాతం కాబట్టి మీ మావయ్యగారికి ముందు ఎడమ సీటే నప్పుతుంది. ఎందుకో చెబుతాను. ఎడమ తలుపు దగ్గర ఆయన బండికి వీపు పెట్టి నిలబడితే, కుడి చెయ్యి బండి ముందు భాగం వైపు ఉంటుంది. అంటే బలమున్న చేత్తోనే తలుపు ముందు స్తంభాన్నో, పిడినో పట్టుకోవచ్చు. కూర్చున్నాక బకిల్ కూడా కుడి పక్కనే వస్తుంది, ఆయన చేత్తో ఆయనే పెట్టుకోవచ్చు. మనిషికి అది ఎంత ధైర్యం ఇస్తుందో మీరే చూస్తారు. కుడివైపు పక్షవాతం అయితే లెక్క తిరగబడుతుంది.

ఎక్కే పద్ధతి ఇది. సీటుకి వీపు పెట్టి, పిక్కలు అంచుకి తగిలేదాకా వెనక్కి జరగాలి. తల వంచి ముందు కూర్చోవాలి, ఆ తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పాలి. ఒక కాలు లోపల పెట్టి ఒంటికాలి మీద నిలబడి దూరడం మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళకి మంచిది కాదు. తిరగడానికి సులువుగా ఉంటుందని కొందరు సీటు మీద ప్లాస్టిక్ కవరు పరుస్తారు. పరవండి, కానీ బండి కదిలేముందు తీసెయ్యండి. అది కింద ఉంటే బ్రేక్ వేసినప్పుడు మనిషి బెల్టు కిందనుంచి జారిపోతారు. మెత్తటి దిండు మీద కూర్చోబెట్టినా, సీటు బాగా వెనక్కి వాల్చి పడుకోబెట్టినా అదే ప్రమాదం.

సీటు ఎత్తు చూడాలంటే పక్కన నిలబెట్టండి. సీటు అంచు తొడ మధ్యలో తగిలితే సరిగ్గా ఉన్నట్టు. మోకాలి కంటే కిందుంటే లేవలేరు, నడుం దాకా ఉంటే ఎక్కలేరు.

అమ్మగారికి మెట్టు ఎక్కక తప్పకపోతే ఒక్క మాట గుర్తుపెట్టుకోమనండి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

కాకినాడ_కిరణ్, సోమవారం రాత్రి 8:10

లక్ష్మి గారూ, పేస్‌మేకర్ సంగతి కూడా చెప్పండి ప్లీజ్. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.

ఫిజియో_లక్ష్మి, సోమవారం రాత్రి 9:00

పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాల్సిందే. మామూలుగా అది ఎడమ భుజం కింద అమరుస్తారు. బెల్టు ఎప్పుడూ తలుపు వైపు భుజం మీదుగా వస్తుంది కదా, కాబట్టి నాన్నగారిని డ్రైవరు వెనక కుడి సీట్లో కూర్చోబెట్టండి. అప్పుడు బెల్టు కుడి భుజం మీద పడుతుంది, మెషీన్ దగ్గర ఒత్తిడి ఉండదు. ఆపరేషన్ అయిన కొత్తలో అయితే మీ డాక్టరుగారిని అడిగి ప్రయాణం పెట్టుకోండి. కింద పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీ మెడకి ఒరుసుకోకుండా భుజం మధ్యలో ఉండాలి. ఇబ్బందిగా ఉందని చంక కిందనుంచి తీస్తారు కొందరు, అలా చేస్తే పక్కటెముకలు విరుగుతాయి.

స్టీరింగ్_శ్రీను, సోమవారం రాత్రి 9:20

లక్ష్మి మేడమ్ చెప్పింది బాగుంది. కాకపోతే కుడి తలుపు అంటే రోడ్డు వైపు. హైవే పక్కన ఆపి ఆ తలుపు తెరవొద్దు. కిరణ్ అన్నా, ఇంటి ఆవరణలోనో, హోటల్ లోపల పార్కింగ్‌లోనో మాత్రమే ఎక్కించు, దింపు.

డాలస్_రవి, మంగళవారం ఉదయం 6:15

మా అమ్మానాన్నలు ఏడాది విడిచి ఏడాది ఇక్కడికి వస్తుంటారు. టెక్సస్‌లో 2009 సెప్టెంబరు నుంచి వెనక సీట్లో పిల్లలకే కాదు, అందరికీ బెల్టు తప్పనిసరి. మొదటిసారి వచ్చినప్పుడు నాన్న గొణిగారు. రెండోసారి ఆయనే మా పిల్లల్ని "పెట్టుకున్నారా" అని అడగడం మొదలుపెట్టారు.

నేను శనివారాలు ఇక్కడి సీనియర్ సెంటర్ వ్యానుకి సాయం చేస్తుంటాను. సుజాత గారు వీల్‌చైర్ గురించి అడిగారు కాబట్టి అక్కడ నేర్చుకున్నది చెబుతాను. వీల్‌చైర్ బ్రేకులు చక్రం దొర్లకుండా ఆపుతాయి, అంతే. బండి గుద్దుకుంటే కుర్చీని అవి పట్టి ఉంచలేవు. ఇక్కడ కుర్చీని నేలకి నాలుగు పట్టీలతో కడతాం, ముందు రెండు, వెనక రెండు. మనిషికి వేసే బెల్టు దానికి పూర్తిగా వేరు. ఒకటి పెట్టి రెండోది మర్చిపోతే ఏమీ పెట్టనట్టే. అమెరికా వికలాంగుల చట్టం కింద వీల్‌చైర్‌కి 30 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు చోటు వదలాలి, లిఫ్టు 600 పౌండ్ల బరువు తట్టుకోవాలి. ఇంకో మంచి సంగతి, వీల్‌చైర్ లేకపోయినా మెట్లు ఎక్కలేనివాళ్ళు ఆ లిఫ్టు మీద నిలబడి ఎక్కవచ్చు. మా వ్యానులో కర్ర పట్టుకుని వచ్చే ఒక పెద్దావిడ ప్రతి వారం అలాగే ఎక్కుతారు.

ఇవేమీ లేకుండా మామూలు వీల్‌చైర్‌ని వ్యానులో పెట్టి మనిషిని అందులోనే కూర్చోబెట్టడం మాత్రం వద్దండీ. మావయ్యగారు నాలుగడుగులు వెయ్యగలరు కాబట్టి బండి సీట్లోకే మార్చండి. కుర్చీ మడిచి డిక్కీలో పెట్టి తాడుతో కట్టెయ్యండి. కట్టకపోతే బ్రేక్ వేసినప్పుడు అదే ఎగిరొచ్చి తలలకి తగులుతుంది.

శ్రీను గారు వెనక చక్రాల గురించి చెప్పారు. 15 మంది పట్టే వ్యాన్ల విషయంలో ఇక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సలహా కూడా అదే. బండి నిండకపోతే అందరూ వెనక ఇరుసుకి ముందు ఉన్న సీట్లలో కూర్చోవాలి. పది మంది దాటితే ఆ వ్యాన్లు బోల్తాపడే అవకాశం పెరుగుతుంది.

వరంగల్_పద్మ, మంగళవారం ఉదయం 9:45

మా అత్తమ్మకు 79. పెద్దవాళ్ళకు ముందు సీటు ప్రమాదం, వెనక్కి కూర్చోబెట్టాలని మేం ఎప్పుడూ అనుకుంటాం కదా. అద్దం, డాష్‌బోర్డు దగ్గరగా ఉంటాయి, ఎయిర్‌బ్యాగ్ తగులుతుందని భయం. మరి లక్ష్మి గారు ముందు సీటు అంటున్నారు.

ఫిజియో_లక్ష్మి, మంగళవారం ఉదయం 11:10

పద్మ గారూ, ఇది అందరూ అడిగేదే. వయసు మీరాక పక్కటెముకలు బలహీనమవుతాయి, గుద్దుకున్నప్పుడు బెల్టు ఒత్తిడికే విరగొచ్చు. ఇప్పటి బండ్లలో ముందు సీటు బెల్టు ఆ క్షణంలో బిగుసుకుని, తర్వాత కొంచెం వదులయ్యే ఏర్పాటుతో వస్తుంది. చాలా బండ్లలో వెనక సీట్లకి అది లేదు. అందుకే కొత్త బండి అయితే, బెల్టు సరిగా పెట్టుకుంటే, పెద్దవాళ్ళకి ముందు సీటు భయపడాల్సిన చోటు కాదు. సీటు మాత్రం బాగా వెనక్కి జరపాలి. ఎయిర్‌బ్యాగ్‌కీ రొమ్ము ఎముకకీ మధ్య కనీసం 10 అంగుళాలు ఉండాలి. ఒళ్ళో సంచి, స్టీలు క్యారియరు పెట్టుకోకూడదు. మా పేషెంట్లలో చాలామంది టిఫిన్ క్యారియరు ఒళ్ళో పెట్టుకునే వస్తారు.

పాత_బ్రేకిన్‌స్పెక్టర్, మంగళవారం మధ్యాహ్నం 1:20

పాత బండి కొనేవాళ్ళకి ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ముందు ఎడమ సీటు ఎయిర్‌బ్యాగ్ మన దేశంలో కొత్త మోడళ్ళకి 2021 ఏప్రిల్ 1 నుంచి, అప్పటికే అమ్ముతున్న మోడళ్ళకి 2021 డిసెంబరు 31 నుంచి తప్పనిసరి అయింది. అంతకు ముందు బండ్లలో కింది వేరియంట్లకి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ ఒక్కటే ఉండొచ్చు. మావయ్యగారు కూర్చునేది ఆ సీటే కాబట్టి తయారీ తేదీ, వేరియంటు రెండూ చూడండి.

బండిని గుద్దించి చూసి భద్రతకి ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు 2023 అక్టోబరు 1 నుంచి వస్తున్నాయి. డ్రైవరు కాక ఎనిమిది మంది దాకా పట్టే బండ్లకే అవి. టెంపో ట్రావెలర్ లాంటివి ఆ తరగతి కాదు, కాబట్టి వాటికి స్టార్లు వెతక్కండి. అద్దెకి ఎక్కితే పసుపు రంగు నంబరు ప్లేటు చూసి ఎక్కండి. 2019 జనవరి నుంచి రిజిస్టరైన అద్దె బండ్లలో ఎమర్జెన్సీ బటన్ ఉండాలి. అది ఎక్కడుందో, పని చేస్తోందో లేదో ఎక్కగానే అడగండి. అడగడం మీ హక్కు.

వరంగల్_పద్మ, మంగళవారం మధ్యాహ్నం 2:05

చాలా థాంక్స్ సార్. ఇంకొకటి నా వైపు నుంచి. సీటు పక్క నుంచి ఎయిర్‌బ్యాగ్ వచ్చే బండి అయితే మామూలు సీటు కవరు వేయించకండి, అది తెరుచుకోకుండా అడ్డుపడుతుంది. ఎయిర్‌బ్యాగ్ వచ్చే చోట కుట్టు వదిలి చేసే కవర్లు విడిగా దొరుకుతాయి. మేం తెలియక వేయించి, మళ్ళీ తీయించాం.

చిన్న కుటుంబాలకు కూడా ఒక మాట. మారుతీ వాళ్ళు 2025 డిసెంబరులో వ్యాగనార్‌కు తిరిగే సీటు తెచ్చారు. ముందు ఎడమ సీటు తలుపు వైపు తిరుగుతుంది, కూర్చున్నాక లోపలికి తిప్పొచ్చు. మా అత్తమ్మలాంటి వాళ్ళకు చాలా ఉపయోగం అనిపించింది.

బస్సుల సంగతి రాయకుండా ఉండలేకపోతున్నా. మాకు 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం. అత్తమ్మ చాలా సంబరపడ్డది. కానీ ఆ మొదటి మెట్టు ఆమె మోకాలి దాకా ఉంటది. ఎక్కలేక రెండు సార్లు స్టాపు నుంచే తిరిగొచ్చింది. కండక్టరమ్మ మంచిది, చెయ్యి ఇచ్చింది, అయినా కాలు లేవలేదు. ఆ మెట్టు కింద ఇంకో మెట్టు దిగేలా పెడితే ఎంతమంది పెద్దవాళ్ళు ఊళ్ళకు పోయి రాగలరో.

గోదారి_సుజాత, శనివారం రాత్రి 9:30

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ రోజు అమ్మని, మావయ్యగారిని వెంటబెట్టుకుని పాత బండ్ల యార్డుకి వెళ్ళాం. వాళ్ళు లేకుండా బండి చూడకూడదని నిర్ణయించుకున్నాం.

ఇన్నోవా క్రిస్టా ఎక్కడానికి ఇద్దరూ కష్టపడ్డారు, నేల బాగా ఎత్తు. ఎర్టిగా ముందు సీటు పక్కన మావయ్యగారిని నిలబెడితే అంచు సరిగ్గా తొడ మధ్యలో తగిలింది. లక్ష్మి గారు చెప్పినట్టు వీపు పెట్టి కూర్చోమన్నాం. కుడి చేత్తో తలుపు స్తంభం పట్టుకున్నారు, కూర్చున్నారు, ఎడమ కాలిని కుడి చేత్తోనే ఎత్తి లోపల పెట్టుకున్నారు. బకిల్ టక్ మని పెట్టేసుకుని మా వైపు చూశారు. మూడేళ్ళలో ఆయన ఎవరి సాయం లేకుండా బండిలో కూర్చోవడం ఇదే మొదటిసారి. మా ఆయన పక్కకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నారు. సీట్లు పీకించే మాట ఇంక ఎత్తలేదు.

అమ్మకి రెండో వరస ఎడమ సీటు. మూడో వరస పిల్లలకి. బండి 2022ది, ముందు రెండు ఎయిర్‌బ్యాగులూ ఉన్నాయి. రెండో వరసలో బెల్టులు కనపడలేదు. అడిగితే, యార్డు అబ్బాయి బ్లేడుతో కవరు కుట్లు విప్పాడు. మూడు బకిల్స్ బయటికి వచ్చాయి. ఒకటి దుమ్ము పట్టి, నొక్కినా వదలడం లేదు. అది మార్చి ఇస్తేనే డబ్బులు కడతామని చెప్పి వచ్చాం. మంగళవారం ఇస్తారు. పీట మా వీధి వడ్రంగి చేస్తున్నాడు, పాత టైరు ముక్కలు కూడా ఇచ్చాం.

శ్రీను గారూ, ఇంకొక్క సందేహం. అలిపిరి చెకింగ్ దగ్గర అందరినీ దింపుతారు కదా, మావయ్యగారితో ఎలా చెయ్యాలి?

స్టీరింగ్_శ్రీను, శనివారం రాత్రి 10:05

చాలా సంతోషం అక్కా. అలిపిరిలో సామాను, మనుషులు స్కానింగ్ దాటాల్సిందే. వీల్‌చైర్ డిక్కీలో అన్నిటికంటే పైన పెట్టుకోండి, అడుగున పెడితే సామానంతా దింపాల్సొస్తుంది. లైనులోకి రాకముందే పక్కన ఆపి అమ్మగారిని, మావయ్యగారిని నిదానంగా దింపెయ్యండి. లైనులోకి వచ్చాక వెనకవాళ్ళు హారన్ కొడుతుంటే ఆ కంగారులోనే పెద్దవాళ్ళ కాళ్ళు తడబడతాయి. స్కానింగ్ దాటాక కూడా బండి పూర్తిగా పక్కకి తీసి, హ్యాండ్ బ్రేక్ వేసి ఎక్కించండి.

ఘాట్ రోడ్డు మీద తొందరేం లేదు. పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలు పట్టాలని అక్కడ లెక్క ఉంది, ముందే చేరితే ఫైన్ వేస్తారు. మలుపుల్లో అమ్మగారు పక్కకి ఒరిగిపోకుండా నడుం పక్కన చిన్న తువ్వాలు చుట్ట పెట్టండి, బెల్టు కిందకి మాత్రం పోనివ్వకండి. రాజమండ్రి నుంచి గంటన్నరకోసారి ఆపి ఇద్దరినీ అయిదు నిమిషాలు నిలబెట్టండి, కాళ్ళు వాస్తాయి. తెల్లవారుజామున బయల్దేరితే ఒంగోలు దగ్గర భోజనానికి ఆగొచ్చు. ఆగే హోటల్‌కి మెట్లు లేకుండా చూసుకోండి. బయల్దేరే ముందు రోజు ఇక్కడ రాయండి, ఆ రూట్లో నాకు తెలిసినవి చెబుతాను.